‘చెప్పుకోకోయ్’లో ఉన్నది ‘కో’నా, ‘బో’నా? కుస్తీ బరిలో దేశాభిమానం మీద ఒక సందేహం

బరంపురం నుంచి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో తెలుగువాళ్లం ఉగాదికి తెచ్చుకునే చిన్న సంచిక కోసం ఈసారి నేను అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ తరహాలో గెలుపోటములు ముందే రాసుకుని ఆడే కుస్తీ కథల్లో దేశభక్తినీ రాజకీయాలనూ వాడుకునే తీరు మీద ఒక వ్యాసం రాస్తున్నాను. శీర్షిక కింద గురజాడవారి దేశభక్తి గేయంలోని రెండు పాదాలు వెయ్యాలని ఉంది. ‘దేశాభిమానం నాకు కద్దని’ వరకూ చిక్కు లేదు. ఆ తరువాత ‘వొట్టి గొప్పలు చెప్పబోకోయ్’ అనే నా నోటికి వస్తోంది, ఇంట్లో ఉన్న అచ్చు ప్రతిలో మాత్రం ‘చెప్పుకోకోయ్’ అని ఉంది. ‘చెప్ప బోకోయ్’ అన్నా మూడూ నాలుగూ మాత్రలే, ‘చెప్పు కోకోయ్’ అన్నా మూడూ నాలుగే కనుక ఛందస్సు ఎటూ తీర్పు చెప్పడం లేదు. గంజాం వైపు పెద్దల నోట ‘బో’ అన్న పాఠం ఎవరైనా విన్నారా?

ఒక్క అక్షరం కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, నా వ్యాసానికి ఆయువుపట్టు సార్జెంట్ స్లాటర్ కథ. 1984లో అమెరికా సైనికుడి వేషంలో ఇరాన్ వాడైన ఐరన్ షేక్‌తో తలపడి జనం చేత జేజేలు కొట్టించుకున్న మనిషి, 1990లో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించిన తరువాత ఇరాక్ పక్షం వహించే ద్రోహి వేషంలో తిరిగి వచ్చాడు. బాగ్దాద్ మీద బాంబులు పడడం మొదలైన రెండు మూడు రోజులకే, 1991 జనవరి 19న, అతని చేత ఛాంపియన్ బెల్టు గెలిపించారు. మార్చి 24న అమెరికా వీరుడి పాత్రలో ఉన్న హల్క్ హోగన్ చేతిలో ఓడించారు, అప్పటికి అసలు యుద్ధమే ముగిసిపోయింది. ఆ ఏడాది తిరక్కుండానే అతను తన దేశాన్ని తనకు తిరిగి ఇమ్మని వేడుకుంటూ మళ్లీ దేశభక్తుడయ్యాడు. ఇటువంటి మనిషికి గురజాడ ‘చెప్పబోకు’ అంటాడా, ‘చెప్పుకోకు’ అంటాడా?

పర్లాకిమిడి నుంచి:

బాబూ, పాఠం విషయంలో సందేహానికి తావు లేదు, అది ‘చెప్పుకోకోయ్’ మాత్రమే. మీ నోటికి ‘బో’ ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పగలను. దానికి ముందు చరణంలో ‘వ్యర్థ కలహం పెంచబోకోయ్’ అని పాదం చివర, సరిగ్గా ఇదే గతిలో ఉంది. పాడుకుంటూ పోయేవారికి ఒక చరణం తోక తరువాతి చరణానికి అంటుకోవడం కద్దు.

అయితే అర్థంలో తేడా చిన్నది కాదు. ‘చెప్పబోకు’ అంటే ఆ పనికి పూనుకోవద్దని మందలింపు, అంతే. ‘చెప్పుకొను’లో చెప్పిన ఫలం చెప్పినవాడికే చేరుతుంది. దేశం పేరు ఎత్తి తన గొప్ప తాను చాటుకునేవాణ్ణి గురజాడ ఆ ‘కొను’తో పట్టుకున్నాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకుంటూ, మాట్లాడే తెలుగుకు పట్టం కట్టాలని పోరాడిన కాలం అది. విజయనగరంలో ఆయనా గురజాడా సహాధ్యాయులు. నోటి భాషలో ఇటువంటి సూక్ష్మాలు ఎంత ఉన్నాయో ఆ ఇద్దరికీ తెలిసినట్టు మరొకరికి తెలియదు. మీ స్లాటర్‌కు ‘కో’యే తగినది, ఎందుకంటే అతను మాట్లాడిన ప్రతి మాటా టిక్కెట్టుగా మారి అతని కంపెనీకే చేరింది.

గుణుపురం నుంచి:

మాస్టారి మాట మీద గౌరవం ఉన్నా, అందరూ తప్పు అక్షరం దగ్గర ఆగిపోయారని నాకు తోస్తోంది. ఆ చరణంలో అసలు చిక్కు మొదటి అక్షరంలోనే ఉంది. ‘దేశాభిమానం నాకు కద్దని’ అన్న పాదాన్ని లెక్కపెట్టి చూడండి. దే, శా, భి, మా, నం కలిపి తొమ్మిది మాత్రలు, ‘నాకు కద్దని’ ఏడు, వెరసి పదహారు. ఈ గేయానికి గురజాడ వాడిన ముత్యాలసరం ఛందస్సులో పాదానికి ఉండవలసినవి పద్నాలుగే. ‘దే’ను పక్కన పెట్టి ‘శాభి మానం నాకు కద్దని’ అని చదివితే మూడూ నాలుగూ మూడూ నాలుగూ చక్కగా వస్తాయి. మరి ఆ ‘దే’ ఎక్కడికి పోవాలి? పై చరణం చివరి పాదం ‘కత్తి వైరం కాల్చవోయ్’లో ఉన్నవి పన్నెండు మాత్రలు. లోటుపడిన ఆ రెండు మాత్రల్లో ‘దే’ వచ్చి కూర్చుంటుంది. అంటే కత్తి వైరాన్ని కాల్చమన్న ఊపిరి తెగకముందే దేశాభిమానం అన్న మాట మొదలు కావాలని కవి ఉద్దేశమని నా నమ్మకం. వైరానికీ దేశాభిమానానికీ మధ్య విరామం లేదని ఛందస్సే చెబుతోంది. కుస్తీ కథలు రాసేవాళ్ల వ్యాపార రహస్యం కూడా సరిగ్గా అదే కనుక, మీ వ్యాసానికి ఆ రెండు చరణాలూ కలిపి వెయ్యడం న్యాయం.

పర్లాకిమిడి నుంచి:

ముచ్చటైన ఊహే, నిలవదు. ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’లో కూడా పన్నెండే మాత్రలు, దాని తరువాత వచ్చే ‘పాడిపంటలు పొంగిపొర్లే’ ముందు వేలాడే అక్షరం ఏదీ లేదు. పన్నెండు మాత్రల పాదం తరువాత పాడేవాడు కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. ‘దేశాభిమానం’ అన్న మాటను మార్చడం ఇష్టం లేక కవి రెండు మాత్రలు ఎక్కువైనా ఒప్పుకున్నాడని నేను అనుకుంటాను.

రాయగడ నుంచి:

ఇద్దరు పెద్దలకూ నమస్కారాలు. నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఇంట్లో ఇద్దరు మగపిల్లలు ఉండడం వల్ల ఈ కుస్తీలు చాలా ఏళ్లు చూసినదాన్ని. ‘కొను’ అన్న ప్రత్యయాన్ని మాస్టారు చెప్పేవాడికి మాత్రమే అంటగట్టారు, నాకు అది సరిపోలేదు. ‘చెప్పుకొను’కు రెండో అర్థం ఉంది కదా. ఊరంతా చెప్పుకుంటారు, జనం చెప్పుకుంటారు, ‘మనలో మనం చెప్పుకోవడం’ అంటాం. ఇక్కడ గొప్పలు చెప్పుకునేది బరిలో ఉన్న ఒక్కడే కాదు, గొంతు కలిపే గుంపంతా.

1997 నాటి బ్రెట్ హార్ట్ కథ చూడండి. ఇతను కెనడా వాడు. అమెరికా సభల్లో అమెరికావాళ్ల నడతను తిట్టి ఘోరమైన ప్రతినాయకుడయ్యాడు, అదే వారంలో సరిహద్దు దాటి కెనడాకు వెళ్తే అవే మాటలకు దేవుడికి పట్టినట్టు హారతులు పట్టారు. జులై 6న కాల్గరీలో అతని జట్టు అయిదుగురూ అమెరికా వాడైన స్టీవ్ ఆస్టిన్ జట్టుతో తలపడ్డారు. కెనడా పౌరుషం నిలబెట్టిన ఆ అయిదుగురిలో బ్రెట్, అతని తమ్ముడు ఓవెన్ మాత్రమే కెనడా వాళ్లు. బ్రిటిష్ బుల్‌డాగ్ ఇంగ్లండు వాడు, జిమ్ నైడ్‌హార్ట్, బ్రయాన్ పిల్‌మన్ ఇద్దరూ పుట్టుకతో అమెరికన్లు. వాళ్లకు హార్ట్ కుటుంబంతో వియ్యమో, కాల్గరీ కుస్తీలతో పాత అనుబంధమో ఉండడం నిజమే. అయినా ఆ రాత్రి వాళ్లను కెనడా వీరులుగా చేసింది ఆ జనం ‘చెప్పుకోవడమే’ కదా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఇచ్ఛాపురానికి ఇవతల ఉండిపోయిన కుటుంబాలవాళ్లం, గీతకు ఏ పక్కన నిలబడి మాట్లాడామన్నదాన్ని బట్టి మాటకు బరువు ఎలా మారుతుందో మనకు ఒకరు చెప్పాలా? ‘చెప్పబోకోయ్’ అని ఏకవచనపు మందలింపుగా మార్చేస్తే ఈ గుంపు పద్యంలోనుంచి తప్పుకుంటుంది. అందుకే ‘కో’ను వదలకూడదు.

జయపురం నుంచి:

అమ్మా, మీ వాదం నచ్చింది, దానికి మరింత బలమైన సాక్ష్యం జపానులో ఉంది. యుద్ధంలో ఓడి అమెరికా సేనల ఆక్రమణలో ఏళ్లు గడిపిన జపాను ప్రజలు 1954 ఫిబ్రవరిలో వీధి కూడళ్లలో పెట్టిన టీవీల ముందు గుంపులుగా చేరి, రికిడోజాన్ అనే మల్లుడు షార్ప్ సోదరులను కరాటే దెబ్బలతో కొడుతుంటే కన్నీళ్లతో కేకలు వేశారు. అమెరికాను కొట్టాడని వాళ్లు చెప్పుకున్నారు. ఆ షార్ప్ సోదరులు కెనడా వాళ్లు. జపాను గౌరవం నిలబెట్టిన రికిడోజాన్ పుట్టింది కొరియాలో, ఆ సంగతిని అతను బతికినంత కాలం జనానికి తెలియనివ్వలేదు. సోవియట్ జాతీయగీతం పాడి అమెరికన్లను రెచ్చగొట్టిన నికొలాయ్ వోల్కాఫ్ యుగోస్లావియాలో పుట్టినవాడు. 1971లో అక్కడి జనం అభిమాన ఛాంపియన్ బ్రూనో సమ్మార్టినోను ఓడించి న్యూయార్కును మూగబోయేలా చేసిన ‘రష్యా ఎలుగుబంటి’ ఇవాన్ కోలాఫ్ కెనడా వాడు. స్లాటర్ పక్కన కల్నల్ ముస్తఫాగా ఇరాక్ సైనిక వేషం కట్టింది ఎవరో కాదు, ఇరాన్ వాడైన ఆ ఐరన్ షేకే. ఇరాన్, ఇరాక్‌లు ఎనిమిదేళ్లు లక్షలాది ప్రాణాలు బలిపెట్టి పోరాడిన యుద్ధం ఆగి అప్పటికి మూడేళ్లయినా కాలేదు. ఆ మనిషి చేత ఆ వేషం కట్టించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంతమంది విషయంలో ‘నాకు కద్దు’ అన్నదే అబద్ధం. కాబట్టి నా దృష్టిలో ఆ పాదానికి ప్రాణం ‘కో’లో కాదు, ‘కద్దు’లో ఉంది. ‘కలదని’ అన్నా నాలుగు మాత్రలే వస్తాయి, మరి కవి ‘కద్దని’ ఎందుకు ఎంచుకున్నాడు? ‘అలా అనడం కద్దు’ అంటాం, అంటే అప్పుడప్పుడూ జరుగుతూ ఉంటుందని. అవసరమైనప్పుడు ఉండి, అక్కర తీరాక లేకుండా పోయే అభిమానం అని ఆ మాటలోనే దెప్పిపొడుపు ఉంది.

పర్లాకిమిడి నుంచి:

‘కద్దు’ అంటే కలదు, అంతకుమించి లేదు. ‘అనడం కద్దు’ అన్న పలుకుబడిలోని అలవాటు అర్థం ‘అనడం’ వల్ల వచ్చింది, ‘కద్దు’ వల్ల కాదు. కద్దని, వొట్టి, గొప్పలు, చెప్పు అని ద్విత్వాలు వరసగా మోగాలి కనుక కవి చెవి ‘కలదని’ని ఒప్పుకోలేదు. వినికిడిని అర్థంగా పొరబడవద్దు.

గుణుపురం నుంచి:

గురజాడకు కుస్తీ కొత్త కాదని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ‘కండ కలవాడేను మనిషోయ్’ అన్నప్పుడు ఆయన కళ్ల ముందు కోడి రామమూర్తి నాయుడు ఉండి ఉంటాడని నా నమ్మకం. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో సాము చేసిన ఆ బలశాలి రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకుని పేరు తెచ్చుకున్నది ఆ రోజుల్లోనే. ‘కలియుగ భీముడు’ అని జనం మెచ్చుకున్న ఆ ప్రదర్శనలో ఓడించడానికి పరాయి దేశస్థుడు ఎవరూ అక్కర్లేకపోయింది.

రాయగడ నుంచి:

ఆ పాదానికి ముందు ‘తిండి కలిగితె కండ కలదోయ్’ ఉంది, దాన్ని విడదీసి ఒక వస్తాదుకు కట్టబెట్టకండి. అక్కడ కవి మాట్లాడింది అన్నం గురించి. మనవాళ్లకు పరాయి దేశస్థుడు అక్కర్లేదని కూడా అనలేం, దారాసింగ్ అంటే హంగరీ నుంచి వచ్చిన కింగ్‌కాంగ్‌తో పోటీలనే మన తండ్రుల తరం తలుచుకునేది. 2017లో జిందర్ మహల్‌ను చూడండి. కాల్గరీలో పుట్టిన ఆ పంజాబీ యువకుడి చేత మన దేశపు మార్కెట్టు కోసం మే 21న బెల్టు గెలిపించారు, అమెరికా సభల్లో పంజాబీ మాట్లాడించి అదే కారణంగా తిట్టించారు. చివరికి డిసెంబరులో ఢిల్లీలో, తనవాళ్లని చెప్పిన జనం ముందు, అమెరికా మల్లుడు ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించారు. ఒక భాష మాట్లాడడమే విలన్ లక్షణంగా చూపించడం తెలుగు టీచరుగా నాకు బాధ కలిగించింది.

బరంపురం నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. అచ్చు పాఠాన్నే వేస్తాను. కానీ ‘బో’ అని పాడినవారు మన వైపు ఉన్నారా లేదా అన్న నా ప్రశ్నకు మాస్టారి ఊహ తప్ప ఎవరూ జవాబు చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయగలరని కోరుతున్నాను.

జయపురం నుంచి:

మా ఇంట్లో అడుగుతాను. ఈలోగా ఒక విన్నపం. రెండు పాదాలు కాకుండా చరణం మొత్తం వెయ్యండి. ‘పూని యేదైనాను వొక మేల్ కూర్చి జనులకు చూపవోయ్’ అన్న భాగాన్ని వదిలేస్తే స్లాటర్ కథ ఒక్కటే మిగులుతుంది, అతని సమకాలికుడైన మరో మల్లుడికి అన్యాయం జరుగుతుంది. రికిడోజాన్ శిష్యుడు ఆంటోనియో ఇనోకి 1989లో జపాను పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యాడు. అమెరికాలో స్లాటర్ ఇరాక్ పేరు చెప్పి జనాన్ని రెచ్చగొడుతున్న 1990లోనే, ఇనోకి బాగ్దాద్ వెళ్లి, డిసెంబరులో అక్కడ కుస్తీ పోటీలు పెట్టించి, సద్దాం పట్టి ఉంచిన జపాను బందీలు ఇళ్లకు చేరడానికి తోడ్పడ్డాడు. అది కూడా ప్రచారమే అన్నవారున్నారు, ఉండనివ్వండి. ‘జనులకు చూపవోయ్’ అని చూపించమన్నవాడు గురజాడే.

పర్లాకిమిడి నుంచి:

చరణం మొత్తం వెయ్యడం మంచిదే. అయితే ‘మేల్’ అని పొల్లుతోనే అచ్చు వెయ్యమని ప్రెస్సువారికి గట్టిగా చెప్పండి. ‘మేలు’ అని దిద్దేస్తే ‘వొక మేల్’లోని నాలుగు మాత్రలు అయిదవుతాయి, అప్పుడు గుణుపురంవారు ఆ మిగిలిన మాత్రకు కూడా ఒక అర్థం చెబుతారు.

గుణుపురం నుంచి:

తప్పకుండా చెబుతాను మాస్టారూ. ‘దే’ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ‘పాడిపంటలు’ ముందు పాడేవాడు ఊపిరి పీల్చుకుంటాడన్నారు, ‘దేశాభిమానం’ ముందు కూడా అంతే విరామం ఇస్తాడో లేదో ఈ గేయం పాడగలవారు ఎవరైనా చెప్పాలి.