సంకోచించిందా, సంకోచింపజేసిందా?

యతిమైత్రి: కృత్రిమ రక్తం పరీక్షల మీద ఎప్పుడో చదివిన వాక్యం సగమే గుర్తుంది: "విడి హిమోగ్లోబిన్ సోకి ధమనిక(ను?) సంకోచిం..." (ధమనిక అంటే సన్నని ధమని.) ఆ తర్వాత "చింది"యా, "పజేసింది"యా?

చంపకమాల: "పజేసింది"యే, సందేహం దేనికి? ధమనిక లోపొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడే కండరాన్ని సడలించి ఉంచుతుంది. హిమోగ్లోబిన్ ఎర్రకణంలో ఉన్నంతసేపూ గోడ పక్కన కణాలు లేని ప్లాస్మా పొర కొంత అడ్డు. బయటపడిందంటే ఆ నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రేట్ చేసేసి, తాను మెథిమోగ్లోబిన్ (ప్రాణవాయువు మోయలేని రూపం) అవుతుంది. కర్త ఎవరో తెలుస్తూనే ఉంది.

శకటరేఫం: ముందు అది "ఎఱ్ఱకణం" అండీ. ఇక క్రియ సంగతి. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్ తగిలించిన హిమోగ్లోబిన్ ద్రావణం ఎంపీ4 కూడా నైట్రిక్ ఆక్సైడ్‌ను చురుగ్గానే పట్టేస్తుంది, రక్తపోటు మాత్రం పెద్దగా పెరగదు. దాని పి50 (హిమోగ్లోబిన్ సగం నిండి ఉండే ప్రాణవాయు పీడనం; తక్కువైతే పట్టు గట్టిదని) సుమారు 5-6 మిల్లీమీటర్ల పాదరసం, మనిషి రక్తానిది 27 దగ్గర. అంటే ధమనిక దగ్గర ప్రాణవాయువు వదలకుండా కేశనాళిక దాకా మోసుకుపోతుంది. మిగతా హిమోగ్లోబిన్ ద్రావణాలు దారిలోనే వదిలేస్తాయి. అవసరానికి మించి అందేసరికి ధమనిక తనంతట తానే బిగుస్తుంది. కనుక "సంకోచించింది".

చంపకమాల: ఆ అణువు పెద్దది, గోడలోకి దూరదు. పైగా ద్రావణం చిక్కన. ఆ ఒరిపిడికి లోపొర మరింత నైట్రిక్ ఆక్సైడ్ చేస్తుంది. ఎంపీ4 మీకూ సాక్షి కాదు, నాకూ కాదు.

కందపద్యం: వ్యాకరణంతో తేలదు, హామ్‌స్టర్ వీపు కిటికీలో చూడాల్సిందే. చర్మపు మడతను రెండు టైటానియం చట్రాల మధ్య బిగించి, ఒక వైపు చర్మం గుండ్రంగా తీసి గాజు మూత పెడతారు. కనీసం రెండు రోజులు ఆగాలి. తొందరపడితే కోత వల్ల వచ్చిన మార్పుని మందు ఖాతాలో రాసేస్తారు. కొలిచేది మెలకువగా ఉన్నప్పుడే, మత్తు కూడా నాళాల వెడల్పును మారుస్తుంది. ముందూ వెనకా అదే ధమనిక, అదే చోటు. వ్యాసం 10 శాతం తగ్గితే చాలు, ఒత్తిడి మారకపోతే ప్రవాహం మూడో వంతు పోతుంది (నాలుగో ఘాతం మహిమ). ఎర్రకణాలు నడుస్తున్న కేశనాళికలనూ లెక్కపెట్టాలి. రక్తపోటు నిక్షేపంగా ఉండి ఈ లెక్క పడిపోయిన ద్రావణాలున్నాయి. మీ తగువుకైతే ఎల్-నేమ్ ఇచ్చి నైట్రిక్ ఆక్సైడ్ తయారీ ఆపి, తర్వాత హిమోగ్లోబిన్ ఎక్కించండి. అయినా ధమనిక ఇంకా బిగుస్తే శకటరేఫం గారిదే పైచేయి.

శకటరేఫం: బిగియకపోతే ఓడినట్టూ కాదు. ఎల్-నేమ్‌కే పూర్తిగా ముడుచుకున్న నాళానికి ఇంక ముడుచుకునే చోటెక్కడిది?

యతిమైత్రి: "సోకి" ఉంది కదండీ. క్త్వార్థకం ("చేసి", "సోకి" లాంటి అసమాపక క్రియ) ఏకకర్తృకం, అంటే రెండు క్రియలకూ కర్త ఒక్కటే, అన్నారు. సోకిందీ, పజేసిందీ ఒకటే కావాలి.

శకటరేఫం: "వాన కురిసి చెరువు నిండింది" అనమా? నెత్తురు సంగతైతే తిక్కన యుద్ధపర్వాలు తిరగేయండి, ఈ క్త్వార్థకాల దిగులే ఉండదు.

చంపకమాల: తిక్కనను మీ పక్షాన నిలబెట్టకండి. ఆ "ను" ఉందా లేదా, ముందది చెప్పమనండి.

శకటరేఫం: అసలది "సోకగా" అయితే?