కదలని కెమెరాలో పనితనం ఉందా? ‘టోక్యో స్టోరీ’పై ఒక చర్చ

చివరి వరుస:
యసుజిరో ఓజు 1953లో తీసిన జపనీస్ చిత్రం ‘టోక్యో స్టోరీ’ని నాలుగోసారి చూశాను. ఒనోమిచి నుంచి వృద్ధ దంపతులు టోక్యోలోని పిల్లల దగ్గరకు వెళ్తారు, తీరిక లేని పిల్లలకు బరువవుతారు, ఇంటికి తిరిగి వచ్చాక తల్లి మరణిస్తుంది, కథ ఇంతే. 136 నిమిషాలలో కెమెరా దాదాపు కదలదు, నేలకు దగ్గరగానే ఉండిపోతుంది. ఇది దర్శకుడి పనితనమని నేనంటాను, నాటకానికి ఎదురుగా కెమెరా పెట్టి తీసినట్టుందని నా మిత్రుడంటాడు. మీరేమంటారు?

ఎదురుగాలి:
నేను మీ మిత్రుడి పక్షం. యాభై ఏళ్లయినా నిండని చిషు ర్యూ డెబ్బై ఏళ్ల తండ్రిగా నమ్మించడం, కోడలు నొరికోగా సెత్సుకో హారా నవ్వులో దుఃఖం దాచడం గొప్ప విషయాలే, కానీ అవి నటుల గొప్పతనాలు. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ అనే బ్రిటిష్ సినిమా పత్రిక నిర్వహించిన దర్శకుల ఓటింగులో ఈ చిత్రం ప్రథమ స్థానంలో నిలిచాక, దీని నెమ్మదితనాన్ని లోపమనడానికి అందరూ జంకుతున్నారు. పైగా సబ్‌టైటిల్స్ చదువుతూ చూసే మనం సంభాషణల విలువను ఎలా తూచగలం?

తెరచాటు:
నాటకంతో పోలిక నిలవదు. నాటకంలో ప్రేక్షకుడి చోటు మారదు. ఇక్కడ కెమెరా మాట్లాడుకునే ఇద్దరి నడుమకు వచ్చి కూర్చుంటుంది, ఒక్కొక్కరూ దాదాపు మన ముఖంలోకే చూస్తూ మాట్లాడతారు. ఇద్దరి మధ్య ఉండే ఊహారేఖను కెమెరా దాటకూడదన్న నియమాన్ని ఓజు లెక్కచేయలేదు.

అసలు విషయం ఆరంభంలోనే ఉంది. దంపతులు పక్కపక్కన కూర్చుని ప్రయాణానికి సామాను సర్దుకుంటూ, గాలిదిండు ఎవరి దగ్గరుందని వాదించుకుంటారు; చివరికి అది భర్త దగ్గరే దొరుకుతుంది. కిటికీ దగ్గర పొరుగింటావిడ పలకరిస్తుంది. ముగింపులో అదే గది, అదే కిటికీ, అదే పొరుగింటావిడ, కానీ తండ్రి ఒక్కడే కూర్చుని ఉంటాడు. మొదటిసారి కెమెరా అటూ ఇటూ తిరిగి ఉంటే ఆయన పక్కనున్న ఖాళీ మన కంటికి ఇంత గట్టిగా తగిలేది కాదు. అన్నట్టు, కెమెరా అసలే కదలలేదనడమూ పొరపాటే: పిల్లలు పంపిన వేడినీటి ఊటల విహారస్థలం అతామి నుంచి ముందుగానే తిరిగొచ్చి, ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో తెలియని దంపతులను టోక్యోలోని ఉయెనో ప్రాంతంలో చూపేటప్పుడు అది గోడ వెంట మెల్లగా జరుగుతుంది. అంతసేపు ఆపుకున్నవాడు అక్కడే ఎందుకు కదిలించాడో ఆలోచించండి.

సబ్‌టైటిల్స్ మాట మాత్రం ఒప్పుకుంటాను. తల్లిదండ్రుల మాటల్లోని ఒనోమిచి యాస అనువాదంలో పూర్తిగా పోతుంది; అది పోతే, పిల్లల ఇంట్లో వారు పరాయివారని చెవికి తెలిసే దారి ఒకటి మూసుకుపోతుంది.

ఎదురుగాలి:
సామాను సర్దుకునే దృశ్యం సంగతి ఒప్పుకుంటున్నాను. చూస్తున్నప్పుడు నాకది తట్టలేదు. అయితే ఆ చివరి ఖాళీ కోసం రెండు గంటలకు పైగా నిశ్చలంగా ఉండాల్సిన అవసరం నాకింకా కనిపించడం లేదు. బ్యూటీ పార్లర్ నడిపే పెద్దకూతురి ఇంటి దృశ్యాలను తగ్గించినా ఆ ఖాళీ అలాగే ఉండేది.

చివరి వరుస:
ఆ దృశ్యాలు తగ్గిస్తే తల్లి చనిపోగానే ఆమె బట్టలను పంచుకునే తొందర, అంటే తల్లి కిమోనోను (జపాన్ సంప్రదాయ దుస్తును) జ్ఞాపకంగా అడిగే ఆ కూతురి తీరు, మనకు కేవలం దురాశగా తోస్తుంది. ఇంటి పని, దుకాణం పని మధ్య ఆమె ఎంత ఆదరాబాదరాగా బతుకుతుందో ముందే చూశాం కనుకనే ఆమెను పూర్తిగా అసహ్యించుకోలేం.