రాతిమొక్కలకు మన ఎండాకాలంలో నీళ్ళు పోయాలా, పూర్తిగా ఆపాలా?

మిద్దెతోట (హైదరాబాద్):
గులకరాళ్ళలా కనిపించే లిథాప్స్ మొక్కలు నాలుగింటిని తూర్పు బాల్కనీలో పెంచుతున్నాను. ఇప్పుడు ఏప్రిల్ రెండో వారం. నాలుగింటి పక్కలూ ముడతలు పడ్డాయి. నేను చదివిన పుస్తకాలు వేసవి వీటికి పెరిగే కాలమనీ, మే నుంచి అక్టోబరు దాకా నీళ్ళు పోయాలనీ చెబుతున్నాయి. మన దగ్గర పెంచేవారిలో చాలామంది మాత్రం వానలు వెనకపట్టేదాకా చుక్క నీరు కూడా పోయవద్దంటున్నారు. పోయినేడు పుస్తకాన్ని నమ్మి మే నెలలో కుండీ నిండా తడిపితే, అప్పుడున్న మూడు మొక్కలూ రెండు రోజుల్లోనే మెత్తబడి నీరుగారిపోయాయి. ఈసారి ఎవరి మాట వినాలి?

ఎర్రనేల (అనంతపురం):
పూర్తిగా ఆపమనే సలహాను నేను ఒప్పుకోను. మూడేళ్ళ క్రితం మార్చి నుంచి జులై దాకా నీళ్ళు ఆపి చూశాను. పెద్ద మొక్కలు నిలిచాయి గానీ, విత్తనం నుంచి పెంచిన ఏడాది వయసు పిల్లమొక్కలు దాదాపు అన్నీ ఎండిపోయాయి. శనగగింజంత ఒంట్లో అవి ఎంత నీరు దాచుకోగలవు? బతికిన పెద్ద మొక్కల్లో కూడా సన్నని వేళ్ళు చచ్చిపోవడం వల్ల, తరువాత నీళ్ళు పోసినా నెల రోజులదాకా తాగలేదు. మా ఊరి గాలి పొడిది. సాయంత్రం కాస్త తడిపితే మరునాటికల్లా కుండీ ఆరిపోతుంది. అలా పోయడం వల్ల నాకు ఒక్క మొక్క కూడా కుళ్ళలేదు.

సాగరతీరం (విశాఖపట్నం):
మీ కుండీ ఒక్క రోజులో ఆరుతుంది. మా దగ్గర అదే కుండీ వారమైనా ఆరదు. మే, జూన్ నెలల్లో రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు. వేడిగా ఉన్న తడిమట్టిలో నిద్రావస్థలో ఉన్న మొక్క కూర్చుంటే కుళ్ళు పట్టక మానదు. వడలిన మొక్కకు సెప్టెంబరులో నీళ్ళు పోసి తేర్చుకోగలిగాను గానీ, కుళ్ళిన మొక్కను ఒక్కదాన్నీ కాపాడుకోలేకపోయాను. అందుకే పూర్తిగా ఆపడమే మేలని నా నిశ్చితాభిప్రాయం.

గులకతోట (హైదరాబాద్):
మీ ఇద్దరి అనుభవాలూ నిజమే. తగాదా అంతా “వేసవి” అనే ఒక్క మాట దగ్గర ఉందని నాకు అనిపిస్తోంది. ఈ మొక్కలు దక్షిణాఫ్రికా, నమీబియా దేశాలవి. 1811లో విలియం బర్చెల్ అనే యాత్రికుడు దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా అనే ఊరి దగ్గర వింత గులకరాయి అనుకుని ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, అది మొక్క అని గుర్తించాడు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే లెస్లీ రకం జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా పరిసరాల గడ్డిభూముల్లో పుట్టింది. అక్కడ వానలు వేసవిలోనే కురుస్తాయి కాబట్టి పుస్తకాలు వేసవిలో నీళ్ళు పోయమనడం సబబే. అయితే జొహానెస్‌బర్గ్ 1,700 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఊరు. అక్కడి నడివేసవిలో పగలు సుమారు 26 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీలు ఉంటుంది. ఈ అంకెలను మన మే నెలతో కాదు, మన డిసెంబరుతో పోల్చాలి. మనకు మే నెలలో పగలు 40 డిగ్రీలకు చేరుతుంది, రాత్రి కూడా సుమారు 26 ఉంటుంది.

రాత్రి వేడిమి ఎందుకంత ముఖ్యమంటే, ఈ మొక్కలు పత్రరంధ్రాలను పగలు మూసి ఉంచి, రాత్రి చల్లబడ్డాక తెరిచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక తలుపులు మూసుకుని, ఆ నిల్వతోనే వెలుతురులో ఆహారం తయారుచేసుకుంటాయి. రాత్రి చల్లబడకపోతే ఈ పని మందగిస్తుంది, మొక్క నీళ్ళు తాగడమూ తగ్గుతుంది. అప్పుడు మనం పోసిన నీరు మట్టిలోనే మిగిలి, మొక్కకు కాక బూజుకు ఉపయోగపడుతుంది.

పైగా లిథాప్స్ అంతా ఒకే వాన లెక్కలో బతకదు. ఎర్రగా ముద్దుగా ఉండే ఆప్టికా రూబ్రా రకం నమీబియా తీరాన ల్యూడెరిట్జ్ వైపుది. దానికి వాన వచ్చేది చలికాలంలో. లెస్లీకీ దానికీ ఒకే నెలలు రాసిపెట్టడం సరికాదు.

నేను నెల పేరు చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. మొదట చూసేది ఆకులను. చలికాలంలో పాత ఆకుల చీలికలోంచి కొత్త జత అడ్డంగా పైకి వస్తుంది. పాత ఆకుల్లోని నీరే దానికి తిండి. ఆ దశలో నీళ్ళు పోస్తే పాత ఆకులు ఎండక, ఒకదానిమీద ఒకటిగా రెండు జతలు మిగిలి మొక్క రూపు చెడుతుంది. పాత ఆకులు కాగితంలా ఎండేదాకా చేయి పెట్టను. మిద్దెతోట గారు కూడా ముందు ఇది చూసుకోవాలి. ముడతలు పడింది పాత ఆకులైతే అది దాహం కాదు. కొత్త ఆకులే ముడతపడి, మరునాడు ఉదయానికి కూడా తేరుకోకపోతే, సూర్యుడు కుంగాక కుండీ అంచు వెంట రెండు చెంచాల నీళ్ళు మాత్రం పోస్తాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అంతకు మించి ఇవ్వను, అదీ షేడ్‌నెట్ నీడలో ఉన్నవాటికే. తొలకరి నుంచి సెప్టెంబరు దాకా వాన తగలకుండా చూరు కింద ఉంచి, రాత్రులు చల్లబడ్డాకే కుండీ నిండా తడుపుతాను.

సాగరతీరం (విశాఖపట్నం):
డిసెంబరుతో పోల్చడం బాగుంది. కానీ మా దగ్గర ఆ రెండు చెంచాలు కూడా ప్రమాదమే.

గులకతోట (హైదరాబాద్):
మట్టి మిశ్రమం ఏమిటో చెప్పండి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువైతే మీ భయం న్యాయమే. నాలుగింట మూడు వంతులు ముతక ఇసుక, బియ్యపుగింజంత ఇటుక ముక్కలు కలిపి, ఉప్పుగాలి వీచే కిటికీ దగ్గర కాక గాలి ఆడే చోట ఉంచి, ముందు ఒక్క మొక్కతో పరీక్షించండి.

ఎర్రనేల (అనంతపురం):
పిల్లమొక్కల సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను. రెండేళ్ళు నిండనివాటికి ఎండాకాలంలోనూ వారానికొకసారి తడి తగలాలి. వాటిని పెద్దవాటి లెక్కలో కలపకండి.

గులకతోట (హైదరాబాద్):
ఒప్పుకుంటున్నాను, నేను చెప్పింది మూడేళ్ళు దాటినవాటి గురించే.

మిద్దెతోట (హైదరాబాద్):
ఇప్పుడే భూతద్దం పెట్టి చూశాను. రెండు మొక్కల్లో కొత్త జత ఇంకా చీలికలోనే ఉంది, ముడతలు పాత ఆకులవే. మూడోదాని పాత ఆకులు కాగితంలా ఎండాయి, కొత్తవాటి పక్కలు ముడతపడ్డాయి. రేపు ఉదయం మళ్ళీ చూసి, అలాగే ఉంటే సాయంత్రం దానికొక్కదానికే రెండు చెంచాలు పోస్తాను. నాలుగోది ఎర్రగా ఉన్న ఆప్టికా. దాన్ని విడిగా మరో బల్లమీదకు మార్చాను.