చీరాల బజారు చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

మా ముత్తాతగారు చీరాలలో నూలు కొట్టు నడిపేవారు. కొట్టు మూతపడి చాలా ఏళ్లయింది కానీ, చిట్టాలు (రోజువారీ లెక్కలు), ఆవర్జాలు (ఖాతా పుస్తకాలు) కొన్ని ఇంట్లో మిగిలాయి. వాటిని ఆధారంగా చేసుకుని ఊరి వ్యాపార చరిత్రను చిన్న పుస్తకంగా రాయాలనుకుంటున్నాను. అయితే చీరాల చరిత్ర అనగానే అందరూ మునిసిపల్ పన్నుకు ఎదురు నిలిచిన 1921 నాటి చీరాల–పేరాల ఉద్యమం గురించి, దాన్ని నడిపిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి గురించి చెప్పి అక్కడితో ఆగిపోతున్నారు. బజారు చరిత్రనూ ఉద్యమాన్నీ విడిగా రాయడం మంచిదా, కలిపి రాయడం మంచిదా? ఇతర కాగితాలు ఎక్కడ దొరకవచ్చు?

మొదటి సమాధానం

విడదీస్తే రెండూ అర్థం కావండి. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి యూనియన్‌గా (మునిసిపాలిటీ కన్నా చిన్న స్థానిక సంస్థగా) ఉన్నప్పుడు ఏడాదికి సుమారు 4 వేల రూపాయలుగా ఉన్న పన్ను, చీరాల–పేరాలను మునిసిపాలిటీ చేశాక 40 వేలకు చేరిందని ఉద్యమ చరిత్రలన్నీ చెబుతాయి. ఆ భారం పడింది ఎక్కువగా నేతపని వారి మీద. కొట్టులో నూలు అప్పు తెచ్చుకుని, గుడ్డ నేసి అమ్మి, ఆ డబ్బుతో పాత బాకీ తీర్చి మళ్లీ నూలు తెచ్చుకునే ఇంట్లో అదనపు పన్ను అంటే నేరుగా పడుగుకో, తిండికో కోత పెట్టడమే. గాంధీగారి సలహా తరువాత జనం ఊరు ఖాళీ చేసి, మునిసిపల్ హద్దుల బయట రామనగరం అనే పాకల ఊరు కట్టుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. ఉపన్యాసాల గురించి, గోపాలకృష్ణయ్యగారి స్వచ్ఛంద సేవాదళం రామదండు గురించి చాలామందే రాశారు. గుంట మగ్గం ఉన్న కుటుంబం ఇల్లు విడిచిపోతే కొత్తచోట మళ్లీ గుంట తవ్వి, మగ్గం దింపి, పని మొదలయ్యేదాకా ఎలా బతికిందన్న సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు.

మీ ఆవర్జాల విలువ అక్కడే ఉంది. 1921, 1922 పద్దులు మిగిలి ఉంటే, ఎవరి ఖాతాలు ఆగిపోయాయో, రామనగరంలో ఉన్నవారికి నూలు అప్పు ఇచ్చారో లేదో, వడ్డీ మారిందో లేదో చూడండి. నా మటుకు నేను పుస్తకాన్ని ఆ రెండేళ్లతోనే మొదలుపెడతాను.

రెండవ సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, ఊరి వ్యాపారమంతా ఉద్యమం చుట్టూ తిప్పితే మరో లోపం వస్తుంది. చీరాల తేలియా రుమాళ్లు అంతకు ముందే సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్లేవి. నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ పలుమార్లు నానబెట్టి, ముడులు కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్దే ఆ పని, కొట్టులో అమ్మిన మామూలు నూలు లెక్కల్లో పూర్తిగా కనిపించదు. అలాగే మద్రాసు–బెజవాడ రైలు దారిని, పొగాకును వదిలేయకండి. 1912లో ఏర్పడిన ఐ.ఎల్.టి.డి. (ఇండియన్ లీఫ్ టుబాకో డెవలప్‌మెంట్) కంపెనీ వల్ల ఈ ప్రాంతంలో వర్జీనియా పొగాకు విస్తరించింది. చీరాలలో ఆ కంపెనీ కర్మాగారం వచ్చాక నేతకు సంబంధం లేని కూలి డబ్బు, అందులోనూ ఆడవాళ్ల సంపాదన, బజారులోకి వచ్చింది. బట్టల కొట్లకు, కిరాణా కొట్లకు ఆ డబ్బు వల్ల ఏం మారిందో వృద్ధులను అడిగి రాసుకోవాలి. నూలు కొట్టు పద్దుల్లో అది దొరకదు.

మూడవ సమాధానం

కాగితాల విషయం చెబుతాను. చీరాల ముందు గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో ప్రకాశం జిల్లాలోకి, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది కాబట్టి ఒక్కచోటే వెతికితే పని జరగదు. 1953కు ముందటి మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు (పాత పత్రాల భాండాగారానికి) వెళ్లక తప్పదు. రిజిస్ట్రారు కార్యాలయంలో తనఖా దస్తావేజులు చూడండి. ఎవరి ఇల్లు ఏ వ్యాపారి దగ్గర, ఏ ఏట తాకట్టు పడిందో వాటిలో తెలుస్తుంది. చేనేత సహకార సంఘాల మినిట్సు పుస్తకాలు ఎవరైనా దాచి ఉంటే వాటిని వెంటనే ఫొటో తీయించండి. చెదలు ఆగవు. సత్రాల గోడల మీది దాతల శిలాఫలకాలు కూడా వదలకండి, ఏ కులం వారు, ఏ వ్యాపారం వారు ఎప్పుడు నిలదొక్కుకున్నారో వాటితో కొంత పోల్చుకోవచ్చు.

మొదటి సమాధానం ఇచ్చినవారు మళ్లీ

ఒక్క మాట చేరుస్తాను. బాకీదారుల పేర్లు పుస్తకంలో వేయకండి. వారి మనవలు, మునిమనవలు ఇంకా ఆ వీధుల్లోనే ఉండవచ్చు. పేటనూ నేసిన గుడ్డ రకాన్నీ బాకీ మొత్తాన్నీ ఇస్తే పాఠకుడికి చాలు.