కుక్కపిల్ల ఆటలో కొరికితే ‘కుయ్’మని అరవాలా, ఆట ఆపి లేచిపోవాలా?

సైనిక్‌పురి శునకం:
అరవడమే మేలు. తోబుట్టువుల మధ్య గట్టిగా పన్ను దిగితే అవతలిది కీచుమంటుంది, ఆట ఆగుతుంది. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర నుంచి తెచ్చేస్తే ఆ చదువు సగంలో ఆగినట్టే, మిగతాది మనం చెప్పాలి. అరిచాక చెయ్యి మాత్రం లాక్కోకండి. లాగితే అది వేటాడే వస్తువైపోతుంది.

కేపీహెచ్‌బీ ఫ్లాట్:
మెత్తటి లాబ్రడార్ పిల్లయితే ఆగుతుందేమో. టెర్రియర్, షెపర్డ్ పిల్లలు చాలావరకు ఆ కీచుగొంతుకి ఇంకా రెచ్చిపోతాయి. పన్ను తగిలిన క్షణంలోనే ‘చాలు’ అని ఒక్క మాట అనేసి, లేచి చిన్న గేటు అవతలికి వెళ్లండి. 20-30 సెకన్లు చాలు, ఐదు నిమిషాలైతే ఎందుకు వెళ్లారో దానికి గుర్తుండదు. దాన్ని బాత్రూంలో పెట్టి గడియ వేయడం వేరే సంగతి, తర్వాత స్నానమంటేనే పారిపోతుంది. వరసగా మూడుసార్లూ కొరికిందంటే మొండితనం కాదు, నిద్ర చాలలేదు. ఆ వయసులో రోజుకు 18 గంటలైనా పడుకోవాలి. ఇంటిల్లిపాదీ ఆఫీసుల నుంచి వచ్చి హాల్లో చేరే ఏడింటికే కొరుకుడు ఎక్కువవడం ఊరికే కాదు.

బోయిన్‌పల్లి బాబాయ్:
మూతి మీద ఒక్కటిస్తే పోదా?

కేపీహెచ్‌బీ ఫ్లాట్:
పోదు బాబాయ్. చెయ్యి దగ్గరికొస్తేనే బెదురుతుంది. రేపు డాక్టర్ నోరు తెరిచి చూడాలంటే ఏం చేస్తారు?

సైనిక్‌పురి శునకం:
లేచిపోవడం సరే, కానీ మొదటి రోజు నుంచే ప్రతి పంటి తాకిడికీ లేవొద్దు. ముందు గట్టి కాట్లకు, అవి తగ్గాక ఓ మోస్తరు వాటికి. ఎంత బలంగా పట్టాలో తెలియని కుక్క పెద్దయ్యాక ప్రమాదం.

కేపీహెచ్‌బీ ఫ్లాట్:
ఇంట్లో పసిపిల్లలో, చర్మం పలచబడ్డ పెద్దవాళ్లో ఉంటే అంత ఓపిక కుదరదండీ. అక్కడ మొదటి నుంచీ పన్ను తగలకూడదు. చేతికి బదులు మూరెడు తాడుబొమ్మ ఇవ్వండి. చున్నీ అంచులు ఎత్తి కట్టుకోండి.

సైనిక్‌పురి శునకం:
ఆ మాట ఒప్పుకుంటా. నాలుగో నెల ప్రాంతంలో పాలపళ్లు రాలేటప్పుడు చిగుళ్ల దురదకి పాత టవల్ ముక్క తడిపి, మెలిపెట్టి ఫ్రీజర్లో పెట్టి ఇవ్వండి, చింపి మింగకుండా పక్కనే ఉండాలి. ఆదివారం మటన్ ఎముకలు మాత్రం వద్దు, ఉడికిన ఎముక పెళుసుగా చీలుతుంది.

బోయిన్‌పల్లి బాబాయ్:
పాలపన్ను గాటుకి కూడా సూదులేనా?

కేపీహెచ్‌బీ ఫ్లాట్:
చర్మం తెగితే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టర్‌కు చూపించండి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో టీకా వేస్తారు. కుక్కపిల్లకు రేబిస్ టీకా మామూలుగా మూడు నెలలు నిండితే గానీ పడదు, కొరుకుడేమో అంతకుముందే మొదలవుతుంది.