“వెఱవ దేవ! బొంక వెఱచినట్లు”: బలి భయం దేని గురించి?

పద్యప్రియ:
పోతన భాగవతం అష్టమ స్కంధంలో బలి నోట వచ్చే ఆటవెలది ఇది.

నిరయమునకుఁ బ్రాప్త నిగ్రహంబునకును
బదవిహీనతకును బంధనమున
కర్థభంగమునకు నఖిల దుఃఖమునకు
వెఱవ దేవ! బొంక వెఱచినట్లు

నరకం, మీద పడ్డ శిక్ష, పదవి పోవడం, కట్లు, ధననాశం, సమస్త దుఃఖాలు. వీటిలో దేనికీ బొంకడానికి భయపడ్డంతగా భయపడనంటున్నాడు బలి. ఇది సభలో కులాసాగా పలికిన మాట కాదని గుర్తుంచుకోవాలి. రెండడుగుల్లో లోకాలన్నీ పోయాయి, గరుడుడు వరుణపాశాలతో కట్టేశాడు, మాట తప్పినవాడికి నరకమేనని వామనుడు అప్పుడే గద్దించాడు. అందుకే జాబితా నిరయంతో మొదలైంది. ‘ప్రాప్త’ అన్న విశేషణాన్ని తాత్పర్యాల్లో తరచు వదిలేస్తారు. రాబోయే శిక్ష కాదది, వచ్చేసిన శిక్ష.

నా ప్రశ్న: ఇక్కడ భయం ‘అబద్ధాలకోరు’ అన్న పేరు వస్తుందనా, లేక బొంకే పని మీదనేనా? చాలా వ్యాఖ్యానాలు రెండూ ఒకటే అన్నట్టు దాటిపోతాయి. నాకు ఒకటే అనిపించడం లేదు.

మూలపాఠి:
ఒకటి కాదు. సంస్కృత మూలం (వ్యాస భాగవతం 8.22.3) పక్కన పెట్టుకుంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బిభేమి నాహం నిరయాత్ పదచ్యుతో
న పాశబంధాద్ వ్యసనాద్ దురత్యయాత్
నైవార్థకృచ్ఛ్రాద్ భవతో వినిగ్రహాత్
అసాధువాదాద్ భృశముద్విజే యథా

నిరయం అలాగే ఉంది. పదచ్యుతి పదవిహీనత అయింది, పాశబంధం బంధనం అయింది, దాటరాని వ్యసనం (ఆపద) అఖిల దుఃఖం అయింది. అర్థకృచ్ఛ్రం అర్థభంగంగా, వినిగ్రహం నిగ్రహంగా వచ్చాయి. ఆరుకు ఆరూ దిగాయి. మారింది ఒక్కటే, చివరిది. మూలంలో బలిని వణికించేది ‘అసాధువాదం’, అంటే నలుగురూ చెడ్డగా చెప్పుకోవడం, అపకీర్తి. తెలుగు బలిని వణికించేది ‘బొంక’డం. మిగతా అంతా అంత నమ్మకంగా తెచ్చిన కవి సరిగ్గా ఇరుసు దగ్గర మాట మార్చాడంటే ఊరికే మార్చాడని నేను అనుకోను.

అయితే దాన్ని పూర్తిగా కొత్తగా కల్పించాడనీ అనకూడదు. బలి ఇలాంటి జాబితానే మూలంలో అంతకుముందు కూడా ఒకసారి చదువుతాడు (8.20.5). అక్కడ చివరి మాట ‘విప్రప్రలంభనాత్’, అంటే బ్రాహ్మణుణ్ణి మోసగించడం వల్ల కలిగే భయం. అది పని గురించిన భయం. పోతన ఆ మొదటి శ్లోకపు ఆత్మను రెండోదాని చివర నిలబెట్టాడని నా అభిప్రాయం.

యతిమైత్రి:
ఛందస్సు కోసం ‘బొంక’ వేశాడేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది కాబట్టి ముందే తేల్చేద్దాం. నాలుగో పాదం ఐదు సూర్యగణాలు (‘న’ అంటే మూడు లఘువులు, ‘హ’ అంటే గురువు, లఘువు): వెఱవ (న), దేవ (హ), బొంక (హ), వెఱచి (న), నట్లు (హ). యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం. అక్కడ ‘వె’కు ‘వె’ చెల్లింది. ‘బొంక’ యతిలో లేదు. ఆటవెలదికి ప్రాస నియమమే లేదు. ‘నిందకు’ గురువు, రెండు లఘువులు కనుక ఒక్క సూర్యగణంలో ఇమడదు, నిజమే. కానీ పాదాన్ని కాస్త తిప్పితే ఇమిడిపోతుంది. పరీక్ష కోసం కట్టిన పాదం: “వెఱవ, నిందకెట్లు వెఱతు దేవ”. గణాలూ యతీ సరిపోయాయి. నాబోటివాడికి కుదిరింది పోతనకు కుదరదా? కాబట్టి ‘బొంక’ ఆయన ఎంచుకున్న మాటే.

పద్యప్రియ:
మూలపాఠి గారూ, ఒక అభ్యంతరం. “కారే రాజులు రాజ్యముల్ గలుగవే” పద్యంలో ఇదే బలి “భూమిపైఁ బేరైనం గలదే” అని అడుగుతాడు. శిబి మొదలైనవాళ్లు “యశఃకాములై” కోర్కెలు తీర్చారంటాడు. పేరు మీద అంత మక్కువ ఉన్నవాడికి అపకీర్తి భయం లేదని ఎలా అంటాం? పైగా ఆటవెలది జాబితాలో ‘మానభంగానికి వెఱవను’ అన్న మాట కూడా లేదు!

మూలపాఠి:
మంచి అభ్యంతరం. లేదనడం లేదు నేను. యశస్సు బలికి ఇష్టమే. కానీ ‘కారే రాజులు’ ఈవి (దానం) గురించిన పద్యం: సంపద మూట కట్టుకుపోలేం, ఇస్తే పేరు మిగులుతుంది. సత్యం మాట వచ్చిన చోట చూడండి. దానానికి ముందు “తిరుగన్ నేరదు నాదు జిహ్వ” అన్నాడు. బంధించాక “సూనృతంబు గాని సుడియదు నా జిహ్వ” (సత్యం తప్ప నా నాలుక పలకదు) అన్నాడు. రెండుచోట్లా నిలిచింది తన నాలుకే. వినేవాళ్ల చెవులు, చెప్పుకునేవాళ్ల నోళ్లు ఆ పద్యాల్లోకి రాలేదు.

మానం సంగతి. దానం వద్దని వారించిన గురువు శుక్రుడు, ఎప్పుడెప్పుడు బొంకవచ్చో బలికి చెప్పిన మినహాయింపుల పద్యం చూడండి:

వారిజాక్షులందు వైవాహికములందుఁ
బ్రాణవిత్తమానభంగమందుఁ
జకిత గోకులాగ్రజన్మ రక్షణమందు
బొంకవచ్చు నఘము పొంద దధిప

మూల శ్లోకం (8.19.43) చెప్పినవి స్త్రీలు, పరిహాసం, వివాహం, జీవిక, ప్రాణసంకటం, గోబ్రాహ్మణులు, హింస. ‘మానం’ అందులో లేదు, పోతన చేర్చాడు. అంటే తెలుగు శుక్రుడు పరువు కాపాడుకోవడానికి బొంకవచ్చని స్పష్టంగా అనుమతి ఇచ్చేశాడు. ఆ అనుమతి చేతిలో ఉండీ బలి వద్దన్నాడు. ఆ సందర్భంలోనే బలి జవాబు: “పలికి బొంకక నిజమునఁ బరఁగుకంటె / మానధనులకు భద్రంబు మఱియుఁ గలదె”. శుక్రుడి లెక్కలో మానం ఇతరులు భంగపరచగలిగేది, బొంకుతో కాపాడుకునేది. బలి లెక్కలో బొంకకపోవడమే మానం. కాబట్టి ‘మానభంగానికి వెఱవను’ అని విడిగా చెప్పాల్సిన అవసరం అతనికి లేదు.

అపకీర్తి భయం మనిషిని ఎటు లాగుతుందో చూడాలంటే నన్నయ ఆదిపర్వంలో దుష్యంతుడున్నాడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం వల్ల మరిచాడు. భారతంలో శాపం లేదు. శకుంతల ఎవరో అతనికి తెలుసు. తెలిసే ఎరగనన్నాడు. తమ వివాహం మరెవరికీ తెలియదు కనుక లోకం ఏమంటుందోనని వెనకాడానని ఆకాశవాణి పలికాక తానే ఒప్పుకుంటాడు. శకుంతల “సుత శతకంబుకంటె నొక సూనృత వాక్యము మేలు” అన్నది అలాంటివాడి ఎదుట నిలబడి. లోకాపవాదానికి భయపడ్డ రాజు బొంకాడు, బొంకడానికి భయపడ్డ రాజు కట్లలో నిలబడ్డాడు. పిల్లలకు ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కనే చెప్పాలని నా గట్టి కోరిక.

యతిమైత్రి:
పాఠం చెప్పేవాళ్ల కోసం మూడు జాగ్రత్తలు.

‘మానభంగం’ ఈ రోజుల్లో అత్యాచారం అన్న అర్థంలో స్థిరపడింది. శుక్రుడి పద్యంలో ‘భంగం’ మూడింటికీ అన్వయించాలి: ప్రాణభంగం, విత్తభంగం, మానభంగం. ‘మానభంగం’ ఒక్కదాన్నే విడదీసి నేటి అర్థం చెబితే పద్యం పాడవుతుంది. బలి పద్యంలోని ‘అర్థభంగం’ ఈ విత్తభంగానికే ఎదురు సమాధానం, ఆ జంటను చూపించండి.

‘వెఱవ దేవ’ను ‘వెఱవదు ఏవ’ అని విరిచేవాళ్లున్నారు. ‘వెఱవ’ ఉత్తమపురుష వ్యతిరేక క్రియ, వెఱవను అని. ‘దేవ’ సంబోధన.

అసలు చిక్కు ‘బొంక’ దగ్గర. విడిగా చూస్తే అది కూడా ‘బొంకను’ అనే వ్యతిరేకం కావచ్చు. ఒకే పాదంలో రెండూ అకారంతో ముగుస్తాయి కనుక విద్యార్థి రెండింటినీ ఒకేలా చదువుతాడు. ఇక్కడిది తుమున్నర్థకం, ‘బొంకన్’, బొంకడానికి. ‘బొంక’ తర్వాత ఆగి చదివితే “భయపడను, బొంకను” అని వినబడి పోలికంతా పోతుంది. ‘దేవ’ దగ్గర ఆగి, ‘బొంక వెఱచినట్లు’ ఒక్క ఊపిరిలో చదవాలి. తాత్పర్యం ఇలా రాయించండి: “స్వామీ! బొంకడానికి నేను ఎంత భయపడతానో, నరకం మొదలుకొని ఈ దుఃఖాల్లో దేనికీ అంత భయపడను.”