బ్యాంక్ అంటే ఒడ్డా, గట్టా, కట్టా?

కృష్ణలంక వాసి (విజయవాడ):
తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి సూర్యలంక ప్రయాణం గురించి ఆంగ్లంలో వ్యాసం రాస్తూ, సముద్రపు ఒడ్డున కూర్చున్నామని చెప్పడానికి ‘సీ బ్యాంక్’ అని రాసింది. ఉపాధ్యాయురాలు దానిని కొట్టివేసి ‘షోర్’ అని దిద్దారు. నది ఒడ్డును బ్యాంక్ అనవచ్చునని పాఠంలో చదువుకున్నాను కదా, సముద్రానికి ఎందుకు పనికిరాదని అమ్మాయి అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయాను. పర్యాయపదాల పుస్తకంలో చూస్తే ఆ మాట కింద షోర్, ఎడ్జ్, స్టోర్, రిజర్వ్ అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. వీటిలో ఏది ఎక్కడ వాడాలి? మనం డబ్బు దాచుకొనే బ్యాంకు, ఈ బ్యాంక్ ఒకే మాటేనా? తెలిసినవారు వివరించగలరు.

ఆంగ్ల అధ్యాపకుడు (గుంటూరు):
పొరపాటు అమ్మాయిది కాదండి, ఆ వరుసది. పర్యాయపదం మాటకు ఉండదు, ఆ మాటకున్న ఒక్కొక్క అర్థానికి ఉంటుంది. రక్తనిధిని ఆంగ్లంలో బ్లడ్ బ్యాంక్ అంటారు, పరీక్షల ముందు పిల్లలు మోసుకు తిరిగే ప్రశ్నల పుస్తకం క్వశ్చన్ బ్యాంక్. ఇక్కడ బ్యాంక్ అంటే నిల్వ కాబట్టి స్టోర్, రిజర్వ్ దగ్గరి మాటలవుతాయి. నీటి అంచు అన్న అర్థంలో వాటికి చోటు లేదు.

ఇక నీటి అంచు సంగతి. మన ఒడ్డు ఏటికి, చెరువుకు, సముద్రానికి అన్నిటికీ సరిపోతుంది. ఆంగ్లంలో మాత్రం నీరు పారుతున్నదా, నిలిచి ఉన్నదా అని చూసుకోవాలి. నదికి, కాలువకు బ్యాంక్. సముద్రానికి, పెద్ద సరస్సుకు షోర్. కోస్ట్ అన్నది నీటి అంచు ఒక్కటే కాదు, సముద్రం వెంట సాగే భూభాగమంతా. మనం కోస్తా జిల్లాలు అంటామే గానీ ఒడ్డు జిల్లాలు అనం కదా. సూర్యలంకలో మీరు కూర్చున్న ఇసుక బీచ్. కాబట్టి ఉపాధ్యాయురాలి దిద్దుబాటు సరైనదే, బీచ్ అన్నా తప్పు కాదు.

డబ్బు బ్యాంకు విషయానికి వస్తే, నిఘంటువులు ఈ రెంటినీ వేర్వేరు పదాలుగానే చూపుతాయి. ఇటలీలో నాణేలు మార్చే వర్తకులు ముందు వేసుకొని కూర్చొన్న బల్లను ‘బాంకా’ అనేవారు; డబ్బు బ్యాంకు అక్కడి నుంచి ఫ్రెంచి మీదుగా ఆంగ్లానికి వచ్చింది. దివాలాకు వాడే బ్యాంక్‌రప్ట్ అన్న మాటలోనూ ఉన్నది విరిగిన ఆ బల్లే. నది బ్యాంక్ స్కాండినేవియా భాషల వైపు నుంచి వచ్చింది. అయితే ఇటలీవారు తమ మాటను జర్మానిక్ భాషల నుంచే తీసుకున్నారు గనుక, బాగా వెనక్కి వెళితే ఈ రెండూ, బడిలో మనం కూర్చొన్న బెంచీతో సహా, ఒకే మూలానికి చేరుతాయి. మన భాషలోనూ చూడండి, ఏటి ఒడ్డులోని ఒడ్డు వేరు, ప్రాణాలొడ్డడంలోని ఒడ్డు వేరు, ఎవరూ తికమకపడరు.

విశ్రాంత ఇంజనీరు (తాడేపల్లి):
నీటిపారుదల శాఖలో పనిచేసినవాడిగా ఒక మాట చేరుస్తాను. ఆంగ్లం బ్యాంక్ అని ఊరుకొనే చోట తెలుగు ఇంకా నిక్కచ్చిగా ఉంటుంది. ఒడ్డు తనంతట ఏర్పడేది, కట్ట మనిషి మట్టి పోసి కట్టేది. అందుకే ఒడ్డు కోసుకుపోతుంది, గండి మాత్రం కట్టకే పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడినప్పుడు విజయవాడలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. కట్టినదని ఆంగ్లంలో స్పష్టంగా చెప్పాలంటే ఎంబ్యాంక్‌మెంట్ అనాలి. మా కాగితాలలో కృష్ణ కరకట్ట ఫ్లడ్ బ్యాంక్, చెరువు కట్ట బండ్. ఈ బండ్ పారసీ నుంచి హిందుస్తానీ మీదుగా ఆంగ్లంలో చేరిన మాట. అమెరికాలో అయితే కరకట్టను లెవీ అంటారు. గట్టుకు ఇంత కచ్చితత్వం లేదు, పొలానికీ కాలువకూ అదే చెల్లుతుంది. తెలంగాణలో పొలం గట్టునే ఒడ్డు అంటారు, అక్కడి మిత్రులతో మాట్లాడేటప్పుడు గమనించగలరు.

కుడి ఎడమల విషయంలో చదువుకున్నవారూ పొరబడుతుంటారు. నీరు పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడి చూడాలి. 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీ మీద దిగువకు తిరిగి నిలబడితే ఎడమ చేతి వైపు విజయవాడ, కుడి చేతి వైపు సీతానగరం, కాబట్టి మా తాడేపల్లి రైట్ బ్యాంక్ మీద ఉన్నట్టు. నాగార్జునసాగర్ కుడి కాలువ గుంటూరు వైపు రావడానికి లెక్క ఇదే. మీరు ఏ ఘాటులో స్నానం చేస్తూ చూశారన్న దానితో పని లేదు.

కృష్ణలంక వాసి (విజయవాడ):
ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మాయికి చదివి వినిపించాను. మరి కొల్లేరు ఒడ్డును ఏమనాలని వెంటనే అడిగింది.

ఆంగ్ల అధ్యాపకుడు (గుంటూరు):
కొల్లేరు సరస్సు గనుక షోర్ అని రాయమనండి. అందులో కలిసే బుడమేరుకు మాత్రం బ్యాంకే.